పళ్ళ వెనక వైపు

పళ్ళ డాక్టరమ్మ గది. కుర్చీలో అమ్మాయి నోరు తెరుచుకుని వెనక్కి వాలి ఉంది. పక్కనే నిలబడి తల్లి మాట్లాడుతోంది.

“…పై వరసలో ఆరింటికీ ఆ పల్చటి తెల్లరేకులు, వెనీర్లు, అతికించేయండి డాక్టర్ గారూ. మెరవాలి. వచ్చే నెల నుంచే టీవీలో వార్తలు చదవాలి మా అమ్మాయి.”

“చూస్తున్నానమ్మా. కాస్త లైటుకి అడ్డం తప్పుకోండి.”

“రెండొందల మందిలో దీన్నే తీసుకున్నారు. మొహం కెమెరాకి సరిగ్గా సరిపోయిందట. పళ్ళొక్కటే…”

“అమ్మా, ఆపు.”

“నువ్వు నోరు మూసుకోవే.”

“మూసుకోకూడదు, తెరిచే ఉంచాలి. అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి. అమ్మాయితో మాట్లాడాలి.”

“నా ముందు అనకూడనిదేముంది? దాని పళ్ళొచ్చిన రోజు కూడా నాకు గుర్తే.”

“ఐదు నిమిషాలు.”

“సరే. రంగు మాత్రం నేను చూడకుండా ఖాయం చెయ్యకండి. చిట్టీ, విన్నావా?”

“విన్నాలే అమ్మా, వెళ్ళు.”

“వెళ్ళారు. ఇదిగో, ఈ అద్దం పట్టుకో. ముందు వైపు కాదు, వెనక చూడు.”

“…నున్నగా ఉన్నాయి మేడమ్.”

“నున్నగా కాదు, పైపొర కరిగిపోయింది. చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందా?”

“నిమ్మరసం ఎక్కువ తాగుతాను.”

“నిమ్మరసమైతే ముందు వైపునీ తినేసేది. వెనక మాత్రమే తినేది కడుపులోంచి పైకొచ్చే పులుపు.”

“గ్యాస్ ఉంది.”

“ఎప్పటినుంచి?”

“అంటే… అప్పుడప్పుడు. వెనీర్లు ఇవాళే వేస్తారా?”

“అడిగినదానికి చెప్పు తల్లీ. వాంతి దానంతటదే వస్తోందా, నువ్వు తెప్పించుకుంటున్నావా? తిట్టను.”

“రోజూ కాదు. వారానికి రెండు మూడుసార్లు. ఈ మధ్య… రోజూ. కెమెరాలో లావుగా కనిపిస్తావన్నారు మేడమ్. మానేద్దామనే అనుకుంటాను. పొద్దున ఒట్టు పెట్టుకుంటాను, మధ్యాహ్నానికి ఆ ఒట్టు తీసి గట్టున పెడతాను.”

“ఇది ఆగకుండా నేను ఏం అతికించినా నిలవదు. పళ్ళ సంగతి తర్వాత, గుండెకే ప్రమాదం. నాకు తెలిసిన డాక్టరొకరున్నారు, ముందు అక్కడికి…”

“వద్దు, వద్దు. అమ్మకి తెలిస్తే చచ్చిపోతుంది. చెప్పనని మాటివ్వండి.”

“నీకు ఇరవై రెండేళ్ళు. నువ్వు వద్దంటే చెప్పను. కానీ ఒక్కదానివీ ఎన్నాళ్ళు మోస్తావు?”

“మా ఇంట్లో ఎవరికీ ఇలాంటిది లేదు మేడమ్. నాకే పట్టింది ఈ దరిద్రం. అసహ్యం వేస్తోంది. భయమేస్తోంది.”

“ఏడవకు. ఇదిగో, తుడుచుకో.”

“ఐదు నిమిషాలన్నారు, అరగంటయింది! ఏమైంది? ఎందుకే ఏడుస్తున్నావు?”

“ఏం లేదమ్మా. వెనీర్లు ఇప్పుడు కుదరవట.”

“ఎందుకు కుదరవు? అవి అతికేది ముందు వైపే కదా డాక్టర్ గారూ! వెనక కరిగితే ఏమైంది?”

“వెనక కరిగాయని నేను మీకు చెప్పలేదే.”

“అమ్మా? నీకెలా తెలుసు?”

“అదీ… రంగు చూద్దాం, రంగు ఏదన్నారు…”

“అమ్మా! నీకెలా తెలుసు?”

“లే చిట్టీ, కుర్చీ దిగు. డాక్టర్ గారూ, ముందు నా నోరు చూడండి. దీని వయసులో మొదలుపెట్టాను, ఇవాళ పొద్దున కూడా మానలేకపోయాను.”