మూడు చెంచాలు

పశువుల ఆసుపత్రి, పరీక్ష గది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. పందెం పావురాలు పెంచే ఆమె పెదనాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అయితే రిపోర్టు రాసేశావా?"

"ఇంకా లేదు. లోపలికి రా పెదనాన్నా. ఆ బల్లకి మాత్రం ఆనుకోకు, ఇంకా తుడవలేదు."

"నువ్వు ఫోన్ చెయ్యకపోయినా వచ్చేవాడినే. మా పావురాల క్లబ్బులో టైలర్ నిన్న చచ్చినవి రెండు తెచ్చిచ్చాడటగా. వైరస్ అని రాసి పడేయమ్మా. ఈ గాలి మారే రోజుల్లో పావురాలకి మామూలే."

"నీవాటి సంగతి చెప్పు ముందు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నాయా?"

"నావాటికేం, నిక్షేపంలా ఉన్నాయి. నేనడిగేది వాడివి..."

"రెట్ట ఎలా ఉంది? పల్చగా పడుతోందా?"

"పొద్దున్నే ఈ రెట్టల గోలేంటి తల్లీ! గట్టిగానే పడుతోంది. వాడివి చెప్పు."

"పందెంలో వాడివి ఏమయ్యాయో తెలుసుగా?"

"తెలియకేం. పదకొండు వదిలితే మూడొచ్చాయి."

"రెండు. మూడోది నిన్న సాయంత్రం ఇంటిదాకా వచ్చి పక్కవాళ్ళ నీళ్ళ ట్యాంకు మీద వాలింది. నిచ్చెన వేసుకుని ఎక్కేసరికి చచ్చిపోయి ఉందట. చారల ఆడ పావురం."

"చారలదా? చారలది పోయిందా?"

"నీకు చెప్పలేదా?"

"వాడు నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. అంటే, నేనే ఫోన్ ఎత్తట్లేదు. పనులుండి. అయ్యో, చారలది! పోయినేడు నాదానికంటే రెండు నిమిషాలే వెనక వచ్చింది."

"నిన్న రాత్రి తెచ్చినవి అదీ, గూట్లోనే పోయిన ఇంకోటీ. కోసి చూశాను. కిడ్నీలు సున్నం ముద్దల్లా ఉన్నాయి. గుండె మీద సుద్దపొడి చల్లినట్టుంది. ఇది వైరస్ పని కాదు."

"పాత జబ్బేమో."

"రెండింటికీ ఒకే పాత జబ్బా?"

"ఏమో మరి, ఏం మేపాడో వాడు."

"నువ్వు చెప్పిందే మేపాడు. కాల్షియం, విటమిన్లు కలిపిన పొడి. సంచీ మీద నీ ఫోటో ఉంటుందే, కప్పు పట్టుకుని, అది."

"అదా? అది బలానికమ్మా. క్లబ్బులో అందరూ వేస్తారు. అది మంచిది కాకపోతే మూడేళ్ళు వరసగా కప్పు నా ఇంటికెలా వచ్చిందంటావ్?"

"సంచీ మీద కిలో గింజలకి ఒక చెంచా, అదీ వారానికి రెండు రోజులని ఉంది. టైలర్ నాలుగు నెలలుగా రోజూ మూడు చెంచాలు వేశాడు. అంత వెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఇక్కడ ఫ్యాన్ తిరగదా? ఉక్కపోస్తోంది."

"స్విచ్ నీ వెనకే ఉంది. ఎవరు చెప్పారు పెదనాన్నా?"

"నేనే అనుకో."

"అనుకోవడమేంటి?"

"నేనే చెప్పాను. చాలా?"

"మరి నువ్వెన్ని వేస్తావు?"

"నేనూ... ఆ మాదిరిగానే."

"మాదిరి అంటే?"

"రెండు. ఒక్కోసారి ఒకటి. లెక్కేం పెట్టుకోను."

"అయితే పద, ఇప్పుడే మీ మేడ మీదికెళ్దాం. ఓ నాలుగు పావురాలకి రక్తం తీసి చూస్తాను."

"వద్దమ్మా! నావాటిని గుచ్చకు. వాటికేం కాలేదు."

"ఏం కాలేదని నీకెలా తెలుసు? అదే పొడి తింటున్నాయిగా."

"తినట్లేదు."

"ఆపేశావా? ఎప్పుడు?"

"ఈ సీజన్‌లో... వెయ్యలేదు."

"పోయిన సీజన్‌లో?"

"అప్పుడూ వెయ్యలేదు. వాళ్ళు ఊరికే ఇచ్చిన సంచీలు మేడ మీద మూలన పడున్నాయి. మూతి కూడా విప్పలేదు. ఒక్కటే విప్పాను, మొదట్లో. ఒక వారం వేశాను. రెట్ట నీళ్ళలా పడింది. ఆపేశాను."

"ఒక్క వారానికే తేడా కనిపెట్టావన్నమాట."

"ముప్పై ఏళ్ళ నుంచి పెంచుతున్నానే, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఫోటో ఎందుకిచ్చావు?"

"అప్పటికే తీసేశారు. వేసేశారు కూడా. ఆ అమ్మేవాడు వచ్చి, సార్ మీరే మా బ్రాండు అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి వాడేనమ్మా. బస్సు నడిపినన్నాళ్ళూ నన్ను డ్రైవరూ ఆపు, డ్రైవరూ తలుపు తియ్యి అన్నవాళ్ళే."

"కప్పులు ఎలా వచ్చాయి మరి?"

"చెప్తే నవ్వుతావు."

"నవ్వే ఓపిక లేదులే, చెప్పు."

"ఉద్యోగం దిగిపోయాను కదా, ఖాళీ దొరికింది. రోజూ రెండు గంటలు గూళ్ళు గీకి ఊడ్చేవాడిని. చెమ్మ తగలకుండా పలకలు ఎత్తు చేయించాను. మంచి గింజలు, రెండుపూటలా కొత్త నీళ్ళు, రోజూ వాటిని ఎగరెయ్యడం. అంతే. క్లబ్బులో అందరూ నా చుట్టూ చేరి, అన్నా ఏంటన్నా రహస్యం అంటే, ఊడ్చాను అని ఎలా చెప్పను? ఎవడు వింటాడు? పొడి అన్నాను. నోటు పుస్తకాలు తీసి రాసుకున్నారమ్మా. నేను చెప్తుంటే రాసుకున్నారు."

"టైలర్ కూడా రాసుకున్నాడా?"

"వాడికి రాసుకోవాల్సిన పనేముంది? రోజూ మా ఇంటికొచ్చేవాడే. మా గూళ్ళకి ఎండ తగలకుండా తెరలు కుట్టింది వాడే. చారలది పుట్టింది మా జత గుడ్డులోంచే, నేనే ఇచ్చాను. ఈ పొడులు అసలు పనికే రావంటావా?"

"లోటున్నప్పుడు పనికొస్తాయి. గుడ్లు పెట్టేటప్పుడు, ఈకలు రాల్చేటప్పుడు, తిండి సరిగ్గా లేనప్పుడు కాస్త వేస్తే మంచిదే. టైలర్ నీకంటే మంచి గింజలే పెట్టేవాడు. ఏ లోటూ లేనివాటికి రోజూ మూడింతలు పోస్తే అదంతా ఎక్కడికెళ్తుంది? కిడ్నీల్లో పేరుకుంటుంది. అలాంటివి మూడువందల కిలోమీటర్లు ఎగరమంటే ఎగురుతాయా?"

"మధ్యలో పడిపోయి ఉంటాయి."

"పడిపోయి ఉంటాయి. వాడివాటికి రెట్ట పల్చబడినప్పుడు నీకు చెప్పలేదా?"

"చెప్పాడు."

"నువ్వేమన్నావు?"

"ఆ చేతులు తుడుచుకోమ్మా, నీళ్ళు కారుతున్నాయి."

"పెదనాన్నా."

"లోపలి చెత్త పోతోందిరా, మంచిదే, ఇంకో చెంచా పెంచు అన్నాను."

"తెలిసే అన్నావా?"

"అప్పుడు ఆపమంటే, నువ్వెందుకు ఆపవు అంటాడు కదా! నేను వెయ్యట్లేదని చెప్పాలి. చెప్తే మూడేళ్ళుగా చెప్పిందంతా అబద్ధమేగా. నోట్లోంచి ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది."

"చారలది ఈ ఏడు నీదాన్ని దాటేస్తుందని భయపడ్డావా?"

"ఛ! ఏం మాటలవి? వాడు నా తమ్ముడిలాంటివాడు."

"అడిగాను, అంతే."

"లేదమ్మా. ఒట్టు. అలా అనుకోలేదు... ఏమో. అడక్కు. నాలుగు రోజుల నుంచి నన్ను నేనూ అదే అడుగుతున్నాను. పందెం రోజు వాడు మేడ మీద చేత్తో ఎండకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. మా మేడ మీంచి కనిపిస్తాడు. నావి పది దిగాయి. వాడు చీకటి పడేదాకా అలాగే ఉన్నాడు. నేను కిందికి వెళ్ళి తలుపేసుకున్నాను."

"క్లబ్బులో ఇంకా ఎంతమంది వేస్తున్నారు?"

"తొమ్మిదిమంది. పదిమందేమో."

"అందరూ మూడు చెంచాలా?"

"నేనేది చెప్తే అది."

"అయితే ఈ పూటే చెప్పాలి. ఒక్కొక్కరింటికీ వెళ్ళి."

"నువ్వు రాసివ్వు, క్లబ్బు గోడకి అంటిస్తాను. పొడి వల్లే అని రాయి, పర్వాలేదు. నా మాట మాత్రం..."

"నీ పేరు నేను రాయను. కానీ కాగితం చూసి వాళ్ళు ఆపరు. నీ ఫోటో ఉన్న సంచీని నమ్ముతారు. నువ్వు నోటితో చెప్తేనే ఆపుతారు."

"అందరి ముందూనా?"

"అందరి ముందూ. మొదట టైలర్‌కి."

"వాడి మొహం చూడలేనమ్మా. వాళ్ళందరికీ చెప్తాను, ఒక్కొక్కరి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. వాడికి మాత్రం... నిన్న వచ్చినప్పుడు నన్ను తిట్టాడా?"

"లేదు."

"దాచకు. తిట్టే ఉంటాడు. ఏమన్నాడో చెప్పు, పడతాను. తిడితేనే నాకు కాస్త తేలిక."

"కూర్చోమన్నా కూర్చోలేదు. పొడి వల్లే అయ్యుంటుందని తనే అన్నాడు. తర్వాత, 'నావి ఎలాగూ పోయాయి డాక్టరమ్మా, మా అన్నవి కూడా అదే తింటున్నాయి. నా ఫోన్ ఎత్తట్లేదు, మీరైనా పిలిపించి ముందు ఆయనవాటిని కాపాడండి' అన్నాడు. అందుకే పెదనాన్నా, నీకు పొద్దున్నే ఫోన్ చేసింది."