ఇంటిని తూర్పుకు తిప్పిన కంప్యూటర్

దేవుడు ఎవరికి ఏదిచ్చినా కొలిచే ఇస్తాడు. కానీ ఈ అన్నయ్యకి మాటలు పంచే రోజున మాత్రం స్వామి చెయ్యి కాస్త జారినట్టుంది. పాత కార్లు అమ్మేవాళ్ళనీ కొనేవాళ్ళనీ ఇంట్లో కూర్చుని ఫోన్లో కలపడం ఆయన వృత్తి. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలు చెప్పడం ఆయన ప్రాణం. అందుకే వీధివాళ్ళంతా సలహాలరావు అంటారు. ఆయనకి ఆ పేరు బిరుదులాగే వినిపిస్తుంది, పాపం.

ఆ సాయంత్రం ఇంటి ముందు మెట్ల మీద సభ తీరింది. పై మెట్టు మీద అన్నయ్య. కింది మెట్టు మీద పక్కింటి దర్జీ, రిటైరైన పోస్టుమాస్టారు. గుమ్మంలో పీట వేసుకుని బీన్స్ తరుగుతూ వదిన. ఎదురుగా, చెప్పులు కూడా విప్పకుండా, సంచీ భుజాన తగిలించుకుని చెల్లెలు.

ఆమె ఒక్క ప్రశ్న అడగడానికి వచ్చింది, అమ్మా, ఒక్కటే! మర్నాడు పొద్దున ఆమెకి కొత్త ఉద్యోగం. నీళ్ళ కంపెనీకి ఇంటి నుంచే పని. కుళాయి రాలేదని ఫోన్ చేసేవాళ్ళకి సమాధానం చెప్పి, ఫిర్యాదు కంప్యూటర్లో ఎక్కించాలి. కంప్యూటర్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. మొదటిరోజే హాజరు పడకపోతే ఆ చోటు ఇంకొకరికి. బజారులో షాపువాడు ఎనిమిదింటికి మూసేస్తాడు.

కొనుక్కోవచ్చు కదా అంటారా? ఆ ఇంటి సంగతి మీకు తెలియదు. ప్లగ్గున్న వస్తువు ఏదైనా సరే, అన్నయ్య ‘ఊఁ’ అనకుండా వాళ్ళ కుటుంబంలో గడప దాటదు. అమ్మ బతికున్నప్పటి నుంచీ అదే పద్ధతి. ఇస్త్రీపెట్టెకీ ఆయనే, ఫ్యానుకీ ఆయనే. నెలరోజులుగా చెల్లెలు చూపించిన ప్రతి కంప్యూటర్‌కీ ఆయన వంక పెట్టాడు. ఒకదాని ముఖం బాగాలేదట. ఒకటి చూస్తేనే తెలుస్తోందట, మొండిదని.

“అన్నయ్యా, రెండే మిగిలాయి. ఎనిమిది జీబీదా, పదహారుదా? అంతే చెప్పు. వెళ్ళిపోతా.”

“కూర్చో తల్లీ. అలా నిలబడి అడిగే విషయమా ఇది? అసలు నేను నా ఆఫీసు గదికి సామాను ఎలా ఎంచానో వింటే, నీకే తెలిసిపోతుంది.”

“అయిపోయింది,” అన్నాడు పోస్టుమాస్టారు, కండువా తీసి ఒళ్ళో మడత పెట్టుకుంటూ.

“మొదట మౌసు కోసం వెళ్ళాను. చిన్న వస్తువే కదా అని నేనూ అనుకున్నాను. షాపువాడు ఒకటి చేతిలో పెట్టాడు. కళ్ళు మూసుకుని పట్టుకుని, ‘బాబూ, ఇది ఎడమకి లాగుతోంది’ అన్నాను. వాడు నవ్వాడు. ఆ తర్వాత బల్ల మీద వదిలిపెట్టి చూస్తే ఏమైందో తెలుసా? తనంతట తానే ఎడమకి నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది! లోపలి నుంచి ఓనరు పరిగెత్తుకొచ్చి, ‘అయ్యా, మీరు మామూలు మనిషి కాదు, మా సరుకంతా ఒక్కసారి చేత్తో ముట్టుకుని వెళ్ళండి’ అన్నాడు.”

“ముట్టుకున్నావా?” దర్జీ.

“కాదనలేకపోయాను, ఏం చేస్తాం. కీబోర్డుల దగ్గరికి వచ్చాం. ఒకదాని మీద చెవి పెట్టి, ‘ఈ మూల మీటకి జలుబు చేసింది’ అన్నాను. విప్పితే నిజమే, లోపల తడి! అప్పుడు నేను ఎంచుకున్న కీబోర్డు ఉంది చూశారూ, దాని మీద ఒక ఉత్తరం కొట్టాను. ఎంత వేగం అంటే, మీటలు ఎర్రగా కాలిపోయి ఇద్దరు కుర్రాళ్ళు చెరోవైపు నిలబడి నీళ్ళు చల్లాల్సి వచ్చింది. ఉత్తరం అయ్యేసరికి షాపంతా ఆవిరి.”

“కీబోర్డు మీద నీళ్ళు పోస్తే పాడవదూ?”

“మామూలుదైతే పాడవుతుందయ్యా దర్జీ! నువ్వు మామూలు వాటి గురించి మాట్లాడుతున్నావ్.”

చెల్లెలు ఫోను చూసుకుంది. ఏడు దాటింది. “అన్నయ్యా, ఎనిమిదా, పదహారా?”

“అక్కడికే వస్తున్నానమ్మా! మధ్యలో తెర రావాలిగా. తెర లేకుండా జీబీలు ఎక్కడ కనిపిస్తాయి నీకు? సరే, తెర. గోడకున్న తెరలన్నీ చూసి ఒకటి ఎంచాను. అందులో వాన బొమ్మ వేశారు. ఆ స్పష్టత చూడాలి! షాపులో ఉన్న ఆడవాళ్ళు పైటలు తలమీద కప్పుకున్నారు. ఒకాయన గొడుగు విప్పాడు. తరవాత పండు బొమ్మ వేశారు. ఎక్కణ్ణుంచో ఈగ వచ్చి వాలింది. వాలితే వాలింది, సగం తినేసి పోయింది. ఆ రోజు నుంచి ఆ బొమ్మలో సగం పండే ఉంటుంది. కావాలంటే...”

“చూపించక్కర్లేదు,” అన్నాడు పోస్టుమాస్టారు. “ఉత్తరాల్లో కూడా ఇన్ని కోతలు మోయలేదు నేను.”

వదిన తల ఎత్తలేదు. కత్తిపీట మీద బీన్స్ టకటకా తెగుతున్నాయి, కాస్త వేగంగానే.

చెల్లెలికి అరికాళ్ళ నుంచి చిరాకు పైకి పాకుతోంది. వెళ్ళిపోదామంటే కాలు కదలదు. ఆయన సరేననకుండా కొన్న వస్తువు రేపు ఆగిపోతే? ‘నేను చెప్పానా’ అని జీవితాంతం వినాలి. దేవుడా, ఈయన నోట ఒక్క అంకె పలికించు, ఒక్క కొబ్బరికాయ కాదు, బుట్టెడు కొడతాను అని మనసులో మొక్కుకుంది. స్వామి కూడా కథ వింటున్నాడేమో, పలకలేదు.

“ఇంక అసలుది,” అన్నయ్య మెట్టు మీద బాసింపట్టు వేశాడు. “కంప్యూటర్! ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. స్విచ్చు వేద్దామని వేలు చాచానో లేదో, అప్పటికే వెలిగి కూర్చుంది. ఉత్తరం పంపుదామని అనుకునేలోపే జవాబు వచ్చేసేది. ఒకాయన తన కారు అమ్మాలా వద్దా అని ఇంట్లో ఆలోచిస్తున్నాడు. ఆలోచనే! బయటికి వచ్చి చూస్తే కారు లేదు. కొన్నవాడు దాంట్లో పిల్లల్ని స్కూలుకి కూడా దింపేశాడు! కారు పోయినాయన నా దగ్గరికి ఏడుస్తూ వచ్చాడు. ‘నేనేం చేయను నాయనా, దాని వేగం అలాంటిది’ అన్నాను.”

“నీ కంప్యూటర్ ఎన్ని జీబీలు?” చెల్లెలు పళ్ళు బిగించి అడిగింది.

“లెక్క పెట్టడానికి కూర్చున్న ఇంజనీరు మధ్యలో నిద్రపోయాడమ్మా. అది కాదు, దాని లోపల ఫ్యాను ఉంటుందే, వేడెక్కకుండా తిరిగేది, అదీ సంగతి! అది తిరగడం మొదలుపెడితే నాలుగు వీధుల బట్టలు ఆరిపోయేవి. ఏమయ్యా దర్జీ, గుర్తులేదూ?”

“నాకు బట్టలు ఆరినట్టు గుర్తులేదు. నువ్వు కుట్టించుకున్న చొక్కాకి...”

“ఆ చొక్కా సంగతి తరవాత! ఒకరోజు పని ఎక్కువై ఫ్యాను పూర్తి జోరు అందుకుంది. బల్ల లేచింది. కిటికీ ఊచలకి తాడేసి కట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బల్ల ఆగింది, ఇల్లు లేచింది! పునాదుల్లోంచి జానెడు పైకి లేచి, మెల్లగా, తొణక్కుండా, ఇలా తూర్పుకి తిరిగి మళ్ళీ కూర్చుంది. అంతకు ముందు ఇల్లు ఉత్తరం ముఖం. అందుకే ఇప్పుడు మా వంటింట్లోకి పొద్దుటి ఎండ పడుతుంది. ఏమోయ్, పడుతుందా లేదా? నువ్వే చెప్పు.”

“పడుతుంది,” అంది వదిన. ఆ ఒక్క మాటలో ఎంత నీరసం ఉందో చెప్పలేను.

“విన్నారా!”

చెల్లెలు సంచీ భుజం మీద సరిచేసుకుంది. ఏడున్నర దాటిపోయింది. పరిగెత్తుకెళ్ళినా షట్టరు కిందికి దిగడమే చూస్తుంది. చిరాకు ఎక్కడో హద్దు దాటి, విచిత్రంగా, చల్లబడింది.

“అన్నయ్యా, ఇంత గొప్ప కంప్యూటర్ ఇంట్లో ఉండగా నేను కొనడం ఎందుకు? రేపు పొద్దున వచ్చి నీ ఆఫీసు గదిలో కూర్చుంటా. కుళాయి రాలేదని వాళ్ళు ఫోన్ చేయకముందే నీళ్ళు వచ్చేస్తాయి.”

దర్జీ పకపకా నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు.

“అది... అది నా చేతికి అలవాటు పడిందమ్మా. పరాయి చేయి ఒప్పుకోదు.”

“తోడబుట్టినదాన్ని పరాయి అంటావా?”

“అంటే, రేపు దానికి సర్వీసింగు...”

“ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే చూద్దాం.” చెల్లెలు చెప్పులు విడిచి మెట్లెక్కింది.

“వద్దు, గది సర్దలేదు!” అన్నయ్య లేచాడు. ఎప్పుడూ ఆయన అంత త్వరగా లేవగా ఎవరూ చూడలేదు.

వదిన కత్తిపీట పక్కకి జరిపి దారి ఇచ్చింది. “వెళ్ళి చూసుకోమ్మా, శుభ్రంగానే ఉంది, రోజూ నేనే తుడుస్తా. కుర్చీ ఉంది. బల్ల ఉంది. మౌసు ఉంది, కీబోర్డు ఉంది, తెర ఉంది. రోజూ మీ అన్నయ్య ఆ తెరలో చూసుకునే తల దువ్వుకుంటారు. కంప్యూటర్ ఒక్కటే లేదు.”

“లేదా?” పోస్టుమాస్టారు కండువా జారిపోయింది.

“రెండేళ్ళుగా ఇంకా ఎంచుతూనే ఉన్నారు. ఎనిమిదా, పదహారా అని.”

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “తొందరపడి కొనే వంశం కాదు మనది.”

చెల్లెలు గుమ్మంలోనే ఆగింది. నెలరోజులు ఈ మనిషి ‘ఊఁ’ కోసం తిరిగింది. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. ఫోను తీసి షాపుకి కలిపింది.

“అన్నా, షట్టరు వెయ్యకండి. వస్తున్నాను. కంప్యూటర్ కావాలి... ఏదా? పనిచేసేది. రేపు పొద్దున పనిచేసేది ఏదైనా సరే.”

“ఫోన్లో ఎవరైనా కంప్యూటర్ కొంటారా!” అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. “ముట్టుకోకుండా, కళ్ళతో చూడకుండా! చెప్పండయ్యా మీరైనా!”

దర్జీ, పోస్టుమాస్టారు ఆకాశంలోకి చూశారు.

వదిన బీన్స్ పళ్ళెం తీసి భర్త ఒళ్ళో పెట్టింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, చెల్లెలి మోచేయి పట్టుకుంది.

“రెండు కావాలని చెప్పమ్మా. ఆ కుర్చీ రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. నేను కూర్చుంటాను.”