గేటు మీద బ్యానరు

దక్షిణ కొరియాలోని డేజాన్‌లో విశ్వవిద్యాలయం గేటుకి ఆ ఉదయం కొత్త బ్యానరు కట్టారు. దాని కింద, చవక బ్యాటరీ కనిపెట్టిన ప్రొఫెసరమ్మ ప్రచార విభాగం మేనేజరును నిలదీస్తోంది. నా బస్సు ఎంతకీ రాలేదు, వినక తప్పలేదు.

“ఎవరు కట్టమన్నారండీ దీన్ని?”

“ఘనకార్యం చేసినవాళ్లకి బ్యానరు కట్టడం మన ఆనవాయితీ కదా, ప్రొఫెసర్ గారూ. ‘దేశాభివృద్ధికి మా కానుక’ అని నేనే రాశాను.”

“రాస్తే రాశారు. ఏ ఉప్పు ఎంత కలపాలో, ఎంత వేడిలో కాల్చాలో కూడా వేయాలా?”

“కింద ఖాళీగా ఉంటే బాగుండదని...”

“పేటెంటుకి ఇంకా దరఖాస్తే పెట్టలేదండీ! ముందే బయటపడితే ఐరోపాలో ఇవ్వరు. అక్కడ పేటెంటు లేకపోతే ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేది లేదని మన కొరియా కంపెనీ తేల్చి చెప్పింది. నా విద్యార్థులందరూ ఆ ఉద్యోగాల మీదే ఆశ పెట్టుకుని చదువుతున్నారు!”

“అయ్యో, ఇప్పుడే దింపించేస్తాను. ఇంత పొద్దున్నే ఎవరు చూస్తారు?”

“నిజంగా ఎవరూ చూడలేదా? మీ కాళ్లు పట్టుకుంటాను, నిజం చెప్పండి.”

“ఎవరూ చూడలేదండీ... మన ల్యాబులు చూడ్డానికొచ్చిన జర్మనీ బ్యాటరీ కంపెనీ అతిథులు తప్ప.”

“పోనీలెండి, వాళ్లకి మన భాష రాదుగా!”

“రాదండీ. అందుకే దగ్గరుండి ఇంగ్లీషులో నేనే చదివి వినిపించాను.”