మళ్ళీ చెప్పవే, శ్వేతా

అన్యాయం జరిగింది నాకు, మాస్టరుబాబూ. మొన్న ఆదివారం, అన్నాల దగ్గర. మా అబ్బాయి సునీల్ మీ ట్యూషను కార్డు నా కంచం పక్కన పెట్టి, "అమ్మా, నీకు ఇంగ్లీషంటే అంత పిచ్చి కదా, ఇక సాక్చి వెళ్ళి నేర్చుకో" అన్నాడు. కోడలు చప్పట్లు కూడా కొట్టింది. ఏటి, నాకేదో సన్మానమైనట్టు!

కూర్చుంటాను, కూర్చుంటాను. ఆటోలో నడుం విరిగింది. ఆ సుద్దముక్క కింద పెట్టండి ముందు. బోర్డు మీద నౌన్ క్లాజ్ అని రాసీసేరు గాని, అది కాదు నా రోగం.

మా మనవరాలు శ్వేత. తొమ్మిదో తరగతి. పర్సుడీహ్‌లో, ఈ హిందీ గడ్డ మీదే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో అడిగితే హిందీలో తుంచి పారేత్తాది. "తిన్నావేటే?" "ఖా లియా." "బడిలో ఏటయింది?" "కుఛ్ నహీ." అంతే! గోడ మీది బల్లి నయం, పలకరిత్తే రెండుసార్లు టిక్కుమంటాది.

ఒకనాడు దాని గ్రామరు పుస్తకం తిరగేత్తూ, "ఈ వాక్యం కడుపులో ఇంకో వాక్యం ఉందేటే?" అన్నాను. అదిగో, వచ్చి పక్కన కూర్చుంది! హిందీలో ఎత్తుకుంటే, "ఆ హిందీ వ్యాకరణం నాకు రాదు, తెలుగులో చెప్పు" అన్నాను. తడుముకుంది పాపం. "మామ్మా, 'మామ్మ ఏటి వండిందో నాకు తెలుసు' అన్నామనుకో. 'మామ్మ ఏటి వండిందో', అదంతా కలిపి ఒక్క పేరులాగ పనిచేత్తాది" అంది. పనిచేత్తాది! పోయిన మా ఆయన నోట్లోంచి ఊడిపడ్డట్టే ఉంది ఆ మాట.

అర్థమవలేదా అంటారేటి? ఆ పూటే అయింది. తూకానికి అమ్మే పాత పుస్తకాలు కొనుక్కుని చదివిన బుర్ర నాది. కాంప్లెక్సు వాక్యం నన్నేటి చేత్తాది?

అయినా "బోధపళ్ళేదే, మళ్ళీ చెప్పు" అన్నాను. మర్నాడూ అన్నాను. రోజుకో కొత్త తప్పు వెతుక్కుని మరీ చేసేదాన్ని. "మామ్మా, నీ బుర్రలో గుజ్జుందా, ఇనప్పొట్టుందా?" అని తిట్టేది. తెలుగులో, బాబూ! ఎంత చక్కగా తిట్టేదో.

అతి చేసీసేను. పిల్లకి విసుగొచ్చింది. "పాపా, దాదీకో ట్యూషన్ లగా దో" అంది. వాళ్ళ నాన్న లగాయించీసేడు, ట్యూషను పెట్టించీసేడు. ఇక సాయంత్రమైతే నేను మీ దగ్గర, అది ఫోను దగ్గర.

నాకు ఇంగ్లీషు వచ్చీసిందంటే ఇంట్లో పాఠం ఉండదు. రాలేదంటే మళ్ళీ ఇక్కడికే తోల్తారు. అందుకని మీరే మా వాడికో ముక్క రాయండి. ఈవిడకి బయటోళ్ళు చెప్తే ఎక్కదు, ఇంట్లో పిల్లే చెప్పాల అని.

అబద్ధమే. కాదన్నానేటి? రాయండి. ముసల్ది మొద్దు అనుకుంటారు, అనుకోనీండి. కింద తారీఖు వేయండి. పదకొండు, ఆగస్టు, మంగళవారం.