రెండు బళ్లు కలిపితే ఒకటి

షెడ్డులో టాక్సీ జాకీ మీద ఉంది. దాన్ని తోలే మనిషి మెకానిక్కు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

"గేరుబాక్సు దొరికిందా మేస్త్రీ?"

"ఎక్కడ దొరుకుతుందయ్యా? ఆ మోడలే ఆపేశారు. కంపెనీవాణ్ణి అడిగితే కొత్త కారు కొనుక్కోమంటున్నాడు."

"అమ్మేటప్పుడు జీవితాంతం తోడుంటామన్నాడుగా, దొంగ వెధవ! బండి కదలకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు."

"తిట్టి లాభం లేదు. ఊళ్లో ఇదే మోడలు ఇంకోటుంది. ఇంజను పోయింది గానీ గేరుబాక్సు బంగారం."

"మరి చెప్పవేం? ఎవరిది?"

"మీ అన్నది. మీరిద్దరూ ఒకేసారి చెరోటి కొన్నారుగా!"

"వాడి గడప నేను తొక్కను. పంపకాలప్పుడు నన్నెన్ని మాటలన్నాడు! నువ్వే అడుగు, నా పేరెత్తకుండా."

"నిన్న ఆయనా ఇదే స్టూలు మీద కూర్చుని నీ ఇంజను అడగమన్నాడు. తన పేరెత్తొద్దన్నాడు."

"ఇంజను ఇచ్చేస్తే నేనేం తోలాలి?"

"గేరుబాక్సు ఇస్తే ఆయనేం తోలాలి? రెండు బళ్లు కలిపితే ఒకటి నడుస్తుంది. పగలు ఒకరు, రాత్రి ఒకరు తోలుకోండి. ఇంతకుమించి నా వల్ల కాదు."

అతను స్టూలు మీంచి లేచి చెయ్యి చాపాడు.

"నీ ఫోనిలా ఇవ్వు మేస్త్రీ. నా నంబరు చూస్తే అన్న ఎత్తడు."