బ్రేకుల్లేని సైకిలు

తణుకు కాలవ గట్టు మీద సైకిలు షాపు. కొత్త సైకిలు కట్టించుకోవడానికి వచ్చిన లెక్చరరు ఫోనులో బొమ్మ చూపిస్తుంటే మేస్త్రి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"వెనక క్యారియర్ వద్దండి మేస్త్రి గారూ."

"మరి మేడం గారు ఎక్కడ కూర్చుంటారండి?"

"ఆవిడే వద్దన్నారండి."

"గేర్లు ఎన్ని పెట్టమంటారు?"

"ఒకటేనండి, ఫిక్సుడు. చక్రం తిరిగినంతసేపూ పెడల్సూ తిరుగుతూనే ఉంటాయి."

"బ్రేకులు ఏ రకం వెయ్యమంటారు?"

"అసలు వద్దండి. కాళ్ళు బిగబట్టి ఆపడమే."

"మీకు ఈత వచ్చాండీ?"

"వచ్చండి. దేనికి?"

"నాకు రాదండి. ఏ సైకిలు బిగించినా ముందు ఈ గట్టు మీద నేను తొక్కి చూసి ఇవ్వడం మా షాపు పద్ధతి. ఒక్క బ్రేకు వేస్తాను, ఇంటికెళ్ళాక మీరు విప్పేసుకోండి."