స్ప్రే సీసాలో నక్షత్రం

సెలూన్లో కుర్చీ తుడుస్తున్న తండ్రి, గుమ్మంలో కూతుర్ని చూసి పొంగిపోయాడు.

“గడ్డానికొచ్చిన ప్రతివాడికీ చెప్పానమ్మా, మా అమ్మాయి పేలిపోయే నక్షత్రాన్ని, అదే సూపర్‌నోవాని కనిపెట్టిందని!”

“అయ్యో నాన్నా, అది సూపర్‌నోవా కాదు, గామా కిరణాల పేలుడు.”

తండ్రి చేతిలో గుడ్డ ఆగిపోయింది. “అంటే, దానికంటే చిన్నదా?”

“నీ స్ప్రే సీసా ఇటివ్వు. మూతి వదులు చేస్తే నీళ్లు అన్నివైపులా చిమ్ముతాయి చూడు, అది సూపర్‌నోవా. మరి బిగిస్తే?”

“సన్నటి ధార. ఎదురుగా అద్దం దాకా కొడుతుంది.”

“నాకు దొరికింది ఆ ధార, నక్షత్రం పేలి ఒకే దిక్కుకి చిమ్మిన వెలుగు. అది వెలిగిన ఆ కాసేపూ దాని ముందు సూపర్‌నోవా మిణుగురు పురుగే నాన్నా.”

తండ్రి గుడ్డ భుజాన వేసుకుని, ఇందాకే గడ్డం గీయించుకుని వెళ్లిన మాస్టారి కోసం వీధిలోకి పరుగెత్తాడు.

“మాస్టారూ, ఆగండాగండి! ఇందాక మా అమ్మాయి గురించి మరీ తక్కువ చేసి చెప్పాను!”